రెండడుగుల గోడ

డబ్బా మంగళవారం వచ్చింది.
తెచ్చిన కుర్రాడు వానకి జడిసి
బొగ్గుల షెడ్డులో పడేసి పోయాడు.
తలుపు సందులో చీటీ: "మీరు ఇంట్లో లేరు."
ఉన్నాను. మేడ మీద, గెథిన్ మేజోళ్ళకి జతలు వెతుకుతూ.

బ్రాడ్‌బ్యాండు వాళ్ళే టీవీ కూడా ఇస్తున్నారు,
యాంటెన్నా అక్కర్లేదు, డిష్ అక్కర్లేదు,
నెలకి కాస్త ఎక్కువ, అంతే, అంది
ఫోనులో ఒకమ్మాయి, నవ్వుతూనే ఊపిరి పీల్చే గొంతుతో.
డిష్ ఎలాగూ డిసెంబరు గాలికి
పక్కింటి ప్రోథరో క్యాబేజీ మడిలో పడింది.
ఆయన దాంట్లో పిట్టలకి నీళ్ళు పోస్తున్నాడు.
మేమూ అడగలేదు.

అరచేతి వెడల్పు డబ్బా, రిమోటు, నీలం తీగ,
నాలుగు బొమ్మల కాగితం.
బొమ్మలో ఇంటి గోడ ఒక్క గీత మందం.
మాది రెండడుగులు.
కొండను తవ్వి ఎలుకను పట్టడం సామెత.
ఈ బ్లైనైలో మా తాత
కొండను తవ్వి పలకరాయి పట్టాడు,
కంపెనీ వద్దన్న ముక్కలతో ఇల్లు కట్టాడు.
వేల్సు వాన రాకూడదని కట్టాడు, చలి రాకూడదని కట్టాడు.
వైఫై సంగతి ఆయనకెవరు చెప్పారు?

రౌటరు వంటింట్లో. టీవీ ముందుగదిలో.
మధ్యన తాత.
తెర మీద చిన్న సున్నా తిరుగుతోంది
గానుగెద్దులా,
నూనె చుక్క లేదు.

పాస్‌వర్డు రౌటరు వీపు మీద ఉందట.
బోర్లా పడుకుని టార్చి వెలుగులో చదివాను:
పెద్ద బి, చిన్న కె, తర్వాతది సున్నానా, ఓ నా?
నేను ఇక్కడ అరవాలి, గెథిన్ అక్కడ నొక్కాలి.
ముప్పై ఏళ్ళు కొండదారిలో బస్సు నడిపిన మా తమ్ముడికి
ఏడు అక్షరాల దారి దొరకలేదు.
మూడుసార్లు తప్పు.
నాలుగోసారి తర్వాత కాసేపు
మా ఇద్దరికీ మాటల్లేవు.

చివరికి పొయ్యి పక్కన కన్నం కనిపెట్టాడు,
పాత గ్యాసు గొట్టం పోయిన దారి.
తీగ మొదట్లో చెంచా కట్టి వాడు తోస్తే
ఇవతల నేను లాగాను.
ముందు నల్లటి దుమ్ము, తర్వాత
ఏ కాలం నాటిదో ఎండు బఠాణీ ఒకటి,
దాని వెనక నీలం తీగ.
పచ్చ దీపం.

"స్వాగతం" అంది తెర.
"చూస్తున్నది ఎవరు?" అంది.
అప్పటికే అక్కడ ఒక పేరుంది: ఐర్వెన్.

కొత్తది కాదన్నమాట.
ఎవరో తిరిగిచ్చింది, తుడిచి మూటగట్టి పంపింది.
తుడవడం సగమే అయింది.
ఐర్వెన్ పేరు కింద ఒక గుర్తు పెట్టుంది:
ఆదివారం ఏడింటికి, గొర్రెలు తోలే కుక్కల పోటీ.
ఒక వంట కార్యక్రమం ఉల్లిపాయల దగ్గర ఆగిపోయి ఉంది,
ఇంకా పదకొండు నిమిషాలు.
ఎవరైనా తలుపు కొట్టారేమో.
కునుకు పట్టిందేమో.
ఉల్లిపాయలు గిట్టవేమో.

గెథిన్ "తొలగించు" దాకా వెళ్ళాడు.
"ఖాయమేనా?" అని అడిగింది.
వేలు అక్కడే ఉంది. టీ చల్లారింది.
"ఏం చోటు తింటోందిలే" అన్నాడు.

ఆ పేరు కింద మా పేర్లు చేర్చాం.
వాడు ఓడ బొమ్మ ఎంచుకున్నాడు, నేను నక్కను.
ఇప్పుడు అన్నీ ఉన్నాయి: వార్తలు, రగ్బీ,
వినపడని నా కుడి చెవి కోసం తెర అడుగున అక్షరాలు.
బడి వదిలాక వీధంతా ఒక్కసారే చూస్తుంది గనక
ఆ గంటసేపు సున్నాదే రాజ్యం.
ఉల్లిపాయల జోలికి మాత్రం మేం పోలేదు.

ఆదివారం ఏడింటికి,
రెండు జట్లూ సమంగా ఉన్న సమయానికి,
తెర మూలన చీటీ:
"ఐర్వెన్, మీ కార్యక్రమం మొదలవుతోంది."
గెథిన్ తిట్టుకుంటాడు.
తిట్టుకుంటూనే నొక్కుతాడు.

తడి పచ్చిక. పొట్ట నేలకానించి పాకే కుక్క.
ఎవరిదో ఈల.
మూడు గొర్రెలు గేటు ముందు నిలబడి
వెళ్దామా వద్దా అని చూస్తుంటాయి.
"వెళ్ళండే, లోపల బాగానే ఉంటుంది,"
అంటాడు మా తమ్ముడు మెల్లగా,
గొర్రెలతోనే కావచ్చు.